డబ్బాలో పురుగు

మామగారి కడుపులో పురుగులున్నాయని కనిపెట్టింది కోడలే. ఆ సంగతి చెప్పుకోవడంలో మొదట్లో ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆమె ఒక ల్యాబులో పనిచేసేది. పొద్దున్నే వెళ్ళి మైక్రోస్కోపుకి కళ్ళు అప్పగిస్తే మళ్ళీ సాయంత్రానికి గానీ తిరిగి తెచ్చుకునేది కాదు. ఎవరి కంటికీ ఆననివి ఆమె కంటికి ఆనేవి. అందుకని తోటివాళ్ళు ఆమెకు ‘భూతద్దం’ అని పేరు పెట్టారు. పైకి విసుక్కునేది గానీ ఆ పేరంటే ఆమెకు లోపల ఇష్టమే.

మామగారు టైలరు. ముందుగదిలో ఆయన కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల, గోడకి వరసగా తగిలించిన బట్టలు. మహా శుభ్రం మనిషి. కడిగిన గ్లాసులో నీళ్ళిస్తే దాన్ని మళ్ళీ కడుక్కుని తాగేరకం. బూట్లతో గడప దాటబోయినవాళ్ళని ఏమీ అనేవారు కాదు, ఆ బూట్ల వంకే చూస్తూ కూచునేవారు, వాళ్ళు సిగ్గుపడి విప్పేదాకా.

ఆయనకు ఒకే ఒక స్నేహితుడు. బస్సు నడిపి నడిపి రిటైరైన డ్రైవరు. రెండు వీధుల అవతల ఓ మేడ మీద గదిలో ఒంటరిగా ఉండేవాడు. ముందూ వెనకా ఎవరూ లేరు. వంట చెయ్యడమంటే ప్రాణం. మధ్యాహ్నం కాగానే మామగారు మిషను మీద గుడ్డ కప్పేసి ఆ మేడ మెట్లు ఎక్కేవారు. అక్కడే భోజనం, అక్కడే రేడియో, రేడియోలో విన్నదాని మీద అక్కడే పోట్లాట. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మొహం వెలిగిపోతూ ఉండేది.

“మీ అత్తయ్య పోయాక నా నాలిక్కి రుచి తెలిసేది వాడి దగ్గరేనమ్మాయ్,” అనేవారు కోడలితో, ఏ కల్మషమూ లేకుండా.

ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకునేది. తెల్లవారకముందే లేచి, ఇంటిల్లిపాదికీ వండి పెట్టి ల్యాబుకి పరిగెత్తేది తనాయె. పైకి మాత్రం నవ్వి ఊరుకునేది.

అలా ఉండగా మామగారికి కడుపులో ఉబ్బరం, అప్పుడప్పుడు నొప్పి మొదలైంది. “మలం పరీక్ష చేయిద్దాం మామయ్యా, ఊరికే అనుమానం ఎందుకు?” అని ఆమె ల్యాబు నుంచి మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయారు. మర్నాడు దాన్ని సంచీలో సంచీ, దానిమీద ఇంకో సంచీ చుట్టి, మొహం పక్కకి తిప్పుకుని కోడలి చేతిలో పెట్టారు.

ల్యాబులో మూత తీసి చూస్తే అందులో ఒక పురుగు కదులుతోంది. సన్నగా, బూడిదరంగులో, ఒంటినిండా నల్లని అడ్డగీతలు. ఒక కొసన చిన్న నల్లటి తల, రెండో కొసన నల్లటి గొట్టంలాంటి తోక. మామూలుగా మనుషుల కడుపులో కనిపించే పురుగుల్లో ఏదీ ఇలా ఉండదని ఆమెకు తెలుసు. అక్కడే ఆగాల్సింది. కానీ ఆగాలనిపించలేదు. తిండితోపాటు ఈగల గుడ్లు లోపలికిపోతే పురుగులై కడుపులో బతుకుతాయని, అలాంటివి అరుదని ఎప్పుడో చదివింది. అరుదైనది తన కంటనే పడింది మరి! ఫొటో తీసింది, తోటివాళ్ళని పిలిచి చూపించింది. రిపోర్టు మీద సంతకం చెయ్యాల్సిన డాక్టరు తలెత్తి, “నువ్వు చూశావుగా? అయితే ఇంకేం?” అని సంతకం పెట్టేశాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గరే చెప్పేసింది. ఆయన్ని పక్కకి పిలిచి చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

మామగారి చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. “నాకా?” అన్నారు.

“అసలు ఎక్కణ్ణుంచి వచ్చి ఉంటాయి?” అన్నాడు ఆమె భర్త.

“మనింట్లోంచైతే కాదు,” అందామె చటుక్కున. “బయట తిండి తింటే ఇంతే.”

బయట అంటే ఎక్కడో ఎవరూ అడగలేదు. ఆయన తినే బయట ఒక్కటే. మామగారు కంచం ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి, చాలాసేపు రాలేదు.

తర్వాతి సెలవునాడు ఆమె పనిగట్టుకుని డ్రైవరు మేడ ఎక్కింది. అతను కింద కూచుని కూరగాయలు తరుగుతున్నాడు. ఆమెను చూసి గాభరాగా లేచి, కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూచోలేదు. గట్టు, గిన్నెలు, మంచినీళ్ళ బిందె అన్నిటి మీదా తనిఖీకి వచ్చినదానిలా ఒకసారి చూపు తిప్పింది. అన్నీ తళతళలాడుతున్నాయి. అయినా మనసు ఒప్పుకోలేదు.

“ఏమీ అనుకోకండి బాబాయ్. మామయ్యకి కడుపులో పురుగులు పడ్డాయి. తిండిలోంచే వస్తాయవి. మీరు కూడా మందు వేసుకుంటే మంచిది. అప్పటిదాకా ఆయన్ని రమ్మనకండి.”

డ్రైవరు తన చేతుల వంక చూసుకున్నాడు. కత్తిపీట పక్కకి జరిపి, “అలాగేనమ్మా,” అన్నాడు. తప్పు చేసినవాడు గనకే ఎదురు చెప్పలేదని ఆమె అనుకుంది.

ఇక ఆ ఇంట్లో మామగారి బతుకు మారిపోయింది. ఎవరూ చెప్పకుండానే తన కంచం, గ్లాసు వేరుచేసుకున్నారు. మనవరాలు ఒళ్ళోకి ఎక్కబోతే “వద్దు బంగారం, తాతకి ఒళ్ళు బాలేదు” అని లేచి నిలబడేవారు. మిషను మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉండిపోయింది. “నా చేత్తో కుట్టింది వేరేవాళ్ళ ఒంటికి తగలాలి కదమ్మా,” అనేవారు. ఒప్పుకున్న బట్టలన్నీ ఇంకో టైలరుకి అప్పగించి, ఎందుకో ఎవరికీ చెప్పలేక, చూపు తగ్గిందని అబద్ధమాడారు. డాక్టరు రాసిన మందు పడక వికారం, తల తిప్పడం. ముద్ద దిగేది కాదు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది.

మందు అయ్యాక రెండోసారి పరీక్ష చేసింది. మళ్ళీ పురుగు. ఇంకా గట్టి మందు ఇప్పించింది. మూడోసారీ పురుగే. ఈసారి రెండు.

“ఇదేదో మనకు అంతుపట్టేది కాదు. మెడికల్ కాలేజీలో పెద్ద మేడం ఉన్నారు. పురుగుల విషయంలో ఆవిడ మాటే మాట. తీసుకెళ్ళు,” అన్నాడు డాక్టరు.

ఆమె పురుగుల్ని ఒక సీసాలోకి తీసి, దాన్ని చేతిసంచీలో భద్రంగా పెట్టుకుని, మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళింది. ఆవిడ ఆశ్చర్యపోతుందనీ, ఎవరమ్మా దీన్ని పట్టుకున్నదని అడుగుతుందనీ, ఏదో పత్రికలో ఫొటోతో సహా వస్తుందనీ బస్సులో కూచుని ఊహించుకుంటూ పోయింది. ఇంట్లో పడి ఉన్న ముసలాయన నీరసం ఆ దారి పొడుగునా ఒక్కసారైనా గుర్తు రాలేదు. ఈ సంగతి తర్వాత తల్చుకున్నప్పుడల్లా ఆమెకు చెవులు వేడెక్కేవి.

పెద్ద మేడం చుట్టూ నలుగురైదుగురు విద్యార్థులున్నారు. ఆవిడ సీసాని వెలుతురుకి పెట్టి చూసింది. మైక్రోస్కోపు దాకా కూడా వెళ్ళలేదు.

“మీ ల్యాబులో బాత్రూం తూము ఎప్పుడు కడిగారు?” అంది.

ఆమెకు అర్థం కాలేదు.

“ఇది మనిషి కడుపులో పురుగు కాదమ్మా. తూముల్లో పాచి తిని బతికే ఈగపిల్ల. బాత్రూం గోడల మీద చిన్నచిన్న బూడిదరంగు ఈగలు వాలి ఉంటాయి చూడు, రెక్కల మీద నూగుతో, సీతాకోకచిలక కూనల్లాగా? వాటి పిల్ల. ఎవర్నీ ఏమీ చెయ్యదు. డబ్బా అక్కడెక్కడో తడినేల మీద పెట్టి ఉంటారు, పాక్కుంటూ ఎక్కేసింది. దీనికి మందేమీ ఇవ్వలేదు కదా?”

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం తల తిప్పి చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

“ఇంతకీ ఎవరిదీ శాంపిలు?”

“ఒక... పేషెంటుది మేడం,” అందామె.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తెలియలేదు, తను ఎంత దిగజారిందో. మామగారిదని అంటే నాలుక ఊడిపడేదా? సీసా తీసుకుని, నమస్కారం పెట్టి, ఏ గుమ్మంలోంచి బయటికొచ్చిందో కూడా గుర్తులేదు.

ఇంటికి రాగానే తిన్నగా బాత్రూంలోకి వెళ్ళింది. తూము పక్కన, తడినేల మీద, తర్వాతి పరీక్షకని తను ఇచ్చిన కొత్త డబ్బా బోర్లించి ఉంది. పైన గోడ మీద ఆ ఈగలు. రోజూ చూసేవే. ఎన్నిసార్లు చెంబెడు నీళ్ళు విసిరికొట్టిందో వాటి మీద.

“మామయ్యా, ఈ డబ్బా ఇక్కడెందుకు పెట్టారు?”

ఆయన మంచం మీంచే నీరసంగా జవాబిచ్చారు. “కడిగానమ్మా. మీ ల్యాబువాళ్ళు ఎంత శుభ్రంగా ఉంచుతారో ఎవరికి తెలుసు? ప్రతిసారీ సబ్బుపెట్టి కడిగి, నీళ్ళు కారిపోవడానికి అక్కడే బోర్లిస్తాను.”

ఆమె తూము మీది జాలీ పైకెత్తింది. నల్లటి పాచి, అందులో లుకలుకమంటూ అవే. ఇల్లు ఆమెది, బాత్రూం ఆమెది, కడగాల్సిన తూమూ ఆమెదే. ఇంకొకరి వంటగదిలో కళ్ళు పెట్టి వెతికింది.

నీళ్ళు కాచి పోసి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చేతులు మంటపుట్టేదాకా తూముని తోమింది. తోముతూనే ఏం చెప్పాలో కూడబలుక్కుంది. నిజం చెప్పాలనే అనుకుంది. తీరా ఆయన ముందుకొచ్చి నిలబడేసరికి, “రిపోర్టు బాగుంది మామయ్యా. పురుగుల్లేవు. మందు పనిచేసింది,” అంది.

ఆయన లేచి కూచున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నా తల్లే,” అన్నారు. “నువ్వు గనక చూడకపోతే ఏమైపోయేవాణ్ణి?”

మర్నాటి నుంచి ఆయన ఊరుకుంటేనా! పాలవాడికీ, పక్కింటావిడకీ, దారినపోయే వాళ్ళకీ అందరికీ అదే కథ. “పెద్దపెద్ద డాక్టర్లకే చిక్కలేదట. మా కోడలు ఇట్టే పట్టేసింది.” దాచుకున్న జబ్బు పోయిందన్న సంబరంలో సిగ్గు కూడా మర్చిపోయారు. ఆమె ఇంట్లోకి వస్తుంటే గుమ్మంలో నలుగురు నిలబడి మెచ్చుకోలుగా చూసేవారు. ఆ చూపులు తప్పించుకోవడానికి పెరటిదారిన రావడం మొదలుపెట్టింది. భర్త “ఏమైంది నీకు? మాట్లాడవేం?” అంటే పని ఎక్కువైందని తప్పించుకుంది.

“మరి డ్రైవరు బాబాయి దగ్గరికి వెళ్ళరా మామయ్యా?” అని ఓ పూట అడిగింది, తన మీది బరువు దానంతటదే దిగిపోతుందేమోనన్న ఆశతో.

ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. “వాడి మొహం చూడను. వీధిలో కనబడితే అనేశాను కూడా. నీ చేతి కూడు తిని కుళ్ళిపోయానురా అని.”

ఆ మాట విన్నాక కూడా ఆమె నిజం చెప్పలేదు.

ఆ వారంలోనే, కూతుర్ని బడినుంచి తీసుకొస్తుంటే దారిలో డ్రైవరు ఎదురయ్యాడు. మనిషి గెడ్డం పెరిగి పీక్కుపోయి ఉన్నాడు. చేతిలో బజారులో కొన్న రొట్టెల పొట్లం. అందరికీ వండిపెట్టే మనిషి పొట్లం మోసుకుపోతున్నాడు. పాప అతన్ని చూడగానే తల్లి చెయ్యి విదిలించుకుని “డ్రైవరు తాతా!” అంటూ పరిగెత్తింది. అతను గబుక్కున నాలుగడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

“వద్దు తల్లీ, ముట్టుకోకు. తాతకి జబ్బు,” అన్నాడు.

పాప బిక్కమొహం వేసి ఆగిపోయింది. అతను గోడ పక్కనుంచి, ఎవరికీ తగలకుండా ఒదిగిపోయి వెళ్ళిపోయాడు. ఆమె పాప చెయ్యి పట్టుకుని గబగబా ఇంటివైపు నడిచింది.

ఇంటికి వచ్చి, పాపని లోపలికి పంపి, కాళ్ళు కూడా కడుక్కోకుండా మామగారి ముందు నిలబడింది. ఆయన చాలా రోజుల తర్వాత మిషనుకి నూనె పెట్టుకుంటున్నారు.

“మామయ్యా, మీ కడుపులో పురుగులు లేవు. ఎప్పుడూ లేవు. మన తూములో పురుగులవి. మీరు డబ్బా అక్కడ పెడితే ఎక్కాయి. నేను పోల్చుకోలేకపోయాను. కాలేజీలో మేడం చెప్పింది.”

ఆయన నూనెబుడ్డి కింద పెట్టారు.

“ఎప్పుడు చెప్పిందీ?”

“మందు పనిచేసిందని మీతో అన్న రోజే.”

“అంటే ఇన్నాళ్ళూ నీకు తెలుసు.”

“తెలుసు.”

ఆయన కేకలెయ్యలేదు. అరిస్తే ఆమెకు కాస్త తేలికయ్యేదేమో. “పొరపాటు పడ్డావు. ఎవరైనా పడతారు,” అన్నారు నెమ్మదిగా. “కానీ నీ పేరు చెప్పుకుని వీధి వీధీ తిరిగానమ్మా. ఇంట్లో ఉండి నువ్వు వింటూనే ఉన్నావు. నన్నలా తిరగనిచ్చావా?”

ఆమె తలదించుకుంది. కన్నీళ్ళు వస్తే జాలి కోసం ఏడుస్తోందనుకుంటారని పళ్ళు బిగపట్టింది.

అప్పుడు ఆయనకు అసలు సంగతి తట్టింది. మొహం నల్లబడిపోయింది. “వాణ్ణి నేనేమన్నానూ... నీ చేతి కూడు అని...” మాట పూర్తి చెయ్యలేక అరచేత్తో నోరు మూసుకున్నారు.

“నేను వెళ్ళి చెప్తాను,” అందామె.

ఆ సాయంత్రమే మేడ ఎక్కింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తడితే డ్రైవరు తీశాడు గానీ, లోపలికి రమ్మనలేదు. తన గాలి ఆమెకు సోకకూడదన్నట్టు వారగా నిలబడ్డాడు. వెనకాల గదిలో పొయ్యి మీద ఏమీ లేదు. గిన్నెలన్నీ కడిగి, బోర్లించి, పైన గుడ్డ కప్పి ఉన్నాయి.

ఆమె గడప బయటే నిలబడి మొత్తం చెప్పింది. తూము సంగతీ, డబ్బా సంగతీ, తెలిసి కూడా దాచిన సంగతీ. ఏదీ తగ్గించలేదు.

అతను అంతా విని, “అయితే నా చేతులు శుభ్రంగానే ఉన్నాయా అమ్మా?” అన్నాడు.

“ఉన్నాయి బాబాయ్.”

“నేనూ మందు వేసుకున్నాను. నువ్వు చెప్పావు కదా. మీ ల్యాబుకొస్తే నలుగురికీ తెలుస్తుందని కొట్లో అడిగి కొనుక్కున్నాను. అయినా నమ్మకం కుదర్లేదు. గరిట పట్టుకుంటే వాడే గుర్తొచ్చేవాడు. నేనే చంపుతున్నాననిపించేది.” అతను తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. “ఒక మాట అడుగుతాను. నాకు పరీక్ష చేశావా?”

“లేదు బాబాయ్.”

“నా వంట ఏదైనా పట్టుకెళ్ళి చూశావా?”

“లేదు.”

“మరి ఎలా చెప్పావు?”

ఆమె దగ్గర ఉన్న ఒక్క జవాబూ, ఆయన మీ వంటని మెచ్చుకుంటుంటే నాకు కష్టమనిపించేది అన్నది, నాలుక చివరిదాకా వచ్చింది. ఆ చిన్నతనం పైకి అనడానికి సిగ్గేసింది. సిగ్గేసినా అనేసింది.

డ్రైవరు ఆమె వంక చూశాడు. కోపం కాదు, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు. “సరేనమ్మా. చెప్పావు, అదే చాలు. వాణ్ణి మాత్రం ఒకసారి రమ్మను. వాడన్న మాట వాడే వచ్చి వెనక్కి తీసుకోవాలి. నీ చేత పంపితే కుదరదు,” అని తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మర్నాడు ల్యాబులో డాక్టరుకి చెప్పింది. అతను ముందు విసుక్కున్నాడు, తర్వాత తను చూడకుండా సంతకం పెట్టిన సంగతి గుర్తొచ్చి మెత్తబడ్డాడు. ఇలాంటి రిపోర్టు ఇంకెవరికైనా ఇచ్చామేమోనని ఇద్దరూ పాతవన్నీ తిరగేశారు. ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆ మాట విని తోటివాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు గానీ, ఆమెకు మాత్రం తనవాళ్ళకే తప్ప ఇంకెవరికీ ఈ గతి పట్టించలేదన్నది ఊరటగా అనిపించలేదు.

మామగారు వెంటనే వెళ్ళలేకపోయారు. చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళడం, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి రావడం. చివరికి ఓ మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా వెళ్ళారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. చీకటిపడే వేళకి తిరిగొచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె కంచం పెట్టబోతే, “వద్దమ్మా, తినే వచ్చాను,” అన్నారు. ఆ ‘అమ్మా’లో కోపం లేదు, మునుపటి మెత్తదనమూ లేదు. అది తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది.

డ్రైవరు ఇప్పుడు అప్పుడప్పుడు ఆ ఇంటికి వస్తూ ఉంటాడు. పాప ఒళ్ళోకి ఎక్కితే దించడు. కానీ ఎక్కించుకునే ముందు తిన్నగా పెరట్లోకి వెళ్ళి, మోచేతులదాకా సబ్బు పెట్టి, గోళ్ళ సందులు కూడా వదలకుండా రుద్ది రుద్ది కడుక్కుంటాడు. అక్కర్లేదని ఎవరెంత చెప్పినా వినడు. అలవాటైపోయిందంటాడు నవ్వుతూ. ఆ నీళ్ళ చప్పుడు వినబడినంతసేపూ ఆమె ఏదో ఒక పని కల్పించుకుని వెళ్ళి లోపలిగదిలో కూచుంటుంది.